మధ్యవర్తిగా నేను పెట్టిన సంతకం

నేను గ్రామ రెవెన్యూ అధికారిని. జనం వీఆర్వో మేడం అంటారు. భూముల రికార్డులు, పంట నమోదు, ధ్రువపత్రాలు, పింఛన్ల విచారణ ఇవన్నీ మా పనులని అందరికీ తెలుసు. అందరికీ తెలియని పని ఇంకొకటి ఉంది. పోలీసులు ఒక ఇంట్లో సోదా చేయాలన్నా, ఒక వస్తువు స్వాధీనం చేసుకోవాలన్నా, ఇద్దరు మధ్యవర్తులు దగ్గరుండి చూడాలి. చూసింది చూసినట్టు రాసిన నివేదిక మీద సంతకం పెట్టాలి. చట్టం ప్రకారం ఆ ఊళ్లో పేరున్న ఎవరైనా మధ్యవర్తిగా ఉండొచ్చు. కానీ ఊళ్లోవాళ్లు ఎవరూ ముందుకు రారు. పొద్దున లేస్తే ఆ ఇంటివాళ్ల ముఖమే చూడాలి, పైగా కోర్టు చుట్టూ తిరగాలి. అందుకని స్టేషన్ నుంచి తహసీల్దారుకు కాగితం వస్తుంది, ఆయన మాకు ఫోన్ చేస్తారు. ఉద్యోగులం కాబట్టి మేము కాదనలేం.

అట్లా ఎన్ని సోదాలకు మధ్యవర్తిగా ఉన్నానో నాకు గుర్తు లేదు. నిజం చెప్పాలంటే, చూసి పెట్టిన సంతకాల కంటే చూడకుండా పెట్టినవే ఎక్కువ. సాయంత్రం ఇంటికి పోతూ స్టేషన్ దగ్గర ఆగేదాన్ని. రైటరు టైపు చేసిన కాగితాలు బల్ల మీద పెట్టేవాడు. "ఈడ, ఈడ, వెనక పేజీలో ఒకటి మేడం" అనేవాడు. బస్సు పోతుందని నాకు తొందర. చదివేదాన్ని కాదు.

ఉద్యోగ పరీక్షకు చదివే రోజుల్లో రాజ్యాంగం నాకు ఇష్టమైన పేపరు. అధికరణల నంబర్లు కాగితం మీద రాసుకొని, వంట చేస్తూ వల్లె వేసేదాన్ని. ఇరవయ్యో అధికరణ, మూడో క్లాజు: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఇరవై ఒకటి: జీవించే హక్కు, స్వేచ్ఛ. అందులోనే గోప్యత హక్కు కూడా ఉందని పెద్ద కోర్టు చెప్పిందని తర్వాతెప్పుడో పేపర్లో చదివాను. ఉద్యోగం వచ్చాక ఆ నంబర్లతో నాకు పని పడలేదు.

నేను చెప్పదలచుకున్న సోదా జరిగింది కొత్త నేర చట్టాలు వచ్చిన తర్వాతి ఎండాకాలంలో. కొత్త చట్టం ప్రకారం సోదా మొత్తాన్ని వీడియో తీయాలి. స్టేషన్‌లో అందరికీ అదొక తలనొప్పి అయింది.

ఆ రోజు పదకొండు గంటలకు మా గ్రామ సచివాలయంలో ఉన్నాను. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి వేడిగా వస్తోంది. తహసీల్దారు ఫోన్ చేసి, వెంటనే పోలీసు జీపు వస్తుంది ఎక్కమన్నారు. నాతోపాటు రెండో మధ్యవర్తి మా గ్రామ సహాయకుడు. పాతకాలంలో తలారి అనేవాళ్లు, ఆ పనే. వయసులో నాకంటే చాలా పెద్దాయన. జీపులో కూర్చున్నాక ఎస్సై విషయం చెప్పాడు. గిద్దలూరు రోడ్డు మీద ఒక ఆటోను ఆపితే రెండు సంచుల గుట్కా దొరికింది. ఆటో నడిపే అతన్ని పట్టుకున్నారు. పట్టుకునే ముందు అతను అక్కకు ఫోన్ చేశాడు. ఇంట్లో ఇంకా సరుకు ఉండొచ్చు, దాచమని చెప్పి ఉండొచ్చు. అందుకని ఆ ఇంటికి పోతున్నాం.

"వారెంటు ఉందా సార్?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

"అర్జంటు అయితే అక్కర్లేదు మేడం. కారణాలు రాసుకుంటే చాలు. స్టేషన్‌కు పోయినాక రాస్తాం" అన్నాడు.

ముస్లింల వీధి చివర, నాపరాళ్లు పరిచిన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను. అక్క అంటే ముప్పై దాటిన మనిషి. టైలరింగ్ చేస్తుంది. భర్త వదిలేసి పోతే తల్లి దగ్గరకు వచ్చి తమ్ముడితో కలిసి ఉంటోందని తర్వాత తెలిసింది. మేము వెళ్లేసరికి మిషను మీద ఏదో జాకెట్టు ఉంది, సూది అందులోనే దిగి ఉంది. తల్లి మంచం మీద కూర్చుని ఉంది. ఖాకీ బట్టలు చూడగానే చీర కొంగు తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.

"ఏంది సార్, ఏమైంది?" అని అడిగింది ఆ అక్క.

"నీ తమ్ముడు గుట్కాతో దొరికినాడు. ఇంట్లో ఏడ పెట్టినారో చెప్పు."

"గుట్కానా? మాకేం తెలీదు సార్. వాడు పొద్దున బాడుగకని పోయినాడు."

మహిళా కానిస్టేబులు, ఇద్దరు మగ కానిస్టేబుళ్లు లోపలికి వెళ్లారు. నేను, సహాయకుడు గుమ్మం పక్కన నిలబడ్డాం. చూడటమే కదా మా పని. చూశాను. బియ్యం డబ్బా చాప మీద బోర్లించారు. ట్రంకుపెట్టెలోని బట్టలు తీసి నేల మీద పడేశారు. గోడకున్న చెక్కమీద గుడ్డలో చుట్టి పెట్టిన గ్రంథం దగ్గరికి ఒకతను చేయి చాపితే, అప్పటిదాకా కదలని తల్లి లేచి "నేనే తీస్తా, నువ్వు ముట్టొద్దు నాయనా" అంది. ఆమే తీసింది. చెక్క వెనక ఏమీ లేదు. అతను కొంచెం సిగ్గుపడ్డాడు, కానీ పని ఆపలేదు.

ముందు గదిలో ఒక మూల జాకెట్టు గుడ్డలు మూటలు మూటలుగా ఉన్నాయి. పెళ్లిళ్ల కాలం. ఒక్కో మూటలో గుడ్డ, లైనింగు, కొలతలు రాసిన చీటీ. ఒక కానిస్టేబులు మూటలన్నీ విప్పి దులిపాడు. చీటీలు ఒకవైపు, గుడ్డలు ఒకవైపు పడ్డాయి.

"సార్, సార్, అవి కలిపొద్దు సార్! ఎవురిది ఏదో తెలీకుండా పోతాది" అని ఆమె అడ్డం వచ్చింది. మహిళా కానిస్టేబులు ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపింది. కొట్టలేదు, తిట్టలేదు. పక్కకు జరిపింది, అంతే.

అప్పుడే వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. మూడు రోజులకొకసారి వచ్చేది. హారను మోగగానే వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. "నీళ్లు పట్టుకోనియ్యండి సార్, మళ్లా మూడు దినాలకు గాని రాదు" అని తల్లి అడిగింది. సోదా అయ్యేదాకా ఎవరూ కదలకూడదన్నాడు ఎస్సై. పక్కింటామె గుమ్మంలోకి తొంగి చూసి, మా అందరినీ చూసి వెనక్కి తగ్గింది. కాసేపటికి ఆమే వచ్చి ఈ ఇంటివాళ్ల డ్రమ్ము దొర్లించుకుని పోయింది. నింపి పెట్టిందో లేదో నేను చూడలేదు.

ఇంట్లో ఏమీ దొరకలేదు. గుట్కా ప్యాకెట్టు ఒక్కటి కూడా లేదు. ఎస్సై చెమట తుడుచుకుని ఆమెతో "ఫోన్ ఇయ్యి" అన్నాడు.

"ఫోనెందుకు సార్?"

"నీ తమ్ముడు నీకే కదా చేసినాడు. ఏం మాట్లాడినారో చూడాల."

"అన్నానికి రానని చెప్పినాడు సార్. అంతే. నా ఫోన్‌లో గిరాకీలవి ఉండాయి. ప్రతి గుడ్డా ఫోటో తీసుకోనుంటా. అది లేకపోతే ఈ గుడ్డలు ఎవురివో నాకే తెలీదు."

ఆమె ఫోన్‌ను గుండెలకు అదుముకుని నిలబడింది. మహిళా కానిస్టేబులు వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంది. లాక్ తెరవడానికి నంబరు చెప్పమన్నారు. చెప్పకపోతే తల్లిని కూడా స్టేషన్‌కు తీసుకుపోవాల్సి వస్తుందన్నాడు ఎస్సై. గొంతు పెంచలేదు. ఆమె తల్లివైపు చూసి నంబరు చెప్పింది.

అంతా అయ్యాక ఎవరికో వీడియో గుర్తొచ్చింది. తీయాల్సిన కానిస్టేబులు మొదట్లో ఒక నిమిషం తీశాడు, ఆ తర్వాత అతని ఫోన్లో జాగా నిండిపోయింది. ఎస్సై విసుక్కున్నాడు. అతను ఏవో తుడిపేసి జాగా చేశాడు. ఎస్సై ఆమెకు ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఆమె నిజంగానే ఇచ్చేస్తున్నారనుకుని ఆశగా అందుకుంది.

"ఇప్పుడు నీ చేత్తో నాకియ్యమ్మా. ఇదిగో సార్ నా ఫోన్, అని చెప్పు. మేడం, మీరు కూడా లోపలికి రండి, వీడియోలో మీరు కనపడాల."

నేను వెళ్లి నిలబడ్డాను. ఆమె నా ముఖం వంక చూసింది. ఆ గదిలో పోలీసు కాని ఆఫీసరును నేనొక్కదాన్నే. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆమె "ఇదిగో సార్ నా ఫోన్" అంది. గొంతు సరిగా రాలేదని ఇంకోసారి చెప్పించారు.

స్టేషన్‌లో నివేదిక రాసేసరికి రెండు దాటింది. అన్నం తినలేదు, తల నొప్పి. ఆ రోజు ఎందుకో చదివాను. "ఇంటివారు అభ్యంతరం చెప్పనందున మధ్యవర్తుల సమక్షంలో శాంతియుతంగా సోదా జరిపి, ఇంటి యజమానురాలు తన సెల్‌ఫోనును స్వచ్ఛందంగా హాజరుపరచగా స్వాధీనం చేసుకోవడమైనది" అని ఉంది.

"సార్, ఆమె స్వచ్ఛందంగా ఇవ్వలేదు కదా" అన్నాను.

రైటరు తలెత్తి నవ్వాడు. "వీడియో ఉంది కదా మేడం. అన్నిట్లో ఇట్లనే రాస్తాం, ఇది ఫార్మాటు."

సహాయకుడు అప్పటికే పెట్టేశాడు. "పెట్టండమ్మా, పోదాం. మనమేం చేస్తాం" అన్నాడు. నేనూ పెట్టాను. మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కూలి. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నా సంతకం కాగితం మీద పెట్టించుకుని, కొనకనమిట్ల దగ్గర మా ఊరంతా తిప్పి చూపించాడు. ఆ కాగితం ఆ పూట గుర్తుకొచ్చింది. అయినా పెట్టాను.

వారం తిరక్కముందే ఆమె సచివాలయానికి వచ్చింది. నా బల్ల ముందు జనం పలచబడేదాకా బయట అరుగు మీద కూర్చుంది.

"మేడం, కేసులో నన్ను గూడా రాసినారంట. రెండో ముద్దాయి అంట. ఫోన్ నేనే ఇచ్చినానని రాసినారంట. మీరు ఆడ్నే ఉండ్రి కదా. నేనిచ్చినానా?"

నేను చుట్టూ చూశాను. పక్క బల్ల దగ్గర సర్వేయరు వింటున్నాడు. "బయటికి రామ్మా" అని పంచాయతీ బోరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ ఆమె గొడవంతా చెప్పింది. గుడ్డలు కలిసిపోయాయి. కొన్ని రంగు గుర్తుపట్టి ఇచ్చింది. ఒక పెళ్లికూతురి గుడ్డ ఇంకెవరి కొలతలకో కోసేసింది. ఆ పెళ్లివారు వీధిలో నిలబడి అరిచారు. బ్యాంకు మెసేజీలు, గ్యాస్ బుకింగు అన్నీ ఆ నంబరుకే. తమ్ముడు బెయిలు మీద వచ్చాడు. గుట్కా మోసింది నిజమేనని ఒప్పుకున్నాడు. ఎవరో కొమరోలులో దించమంటే బాడుగకు ఆశపడ్డానన్నాడు.

"వాడు తప్పు చేసినాడు, నేను కాదనను. నా ఫోన్ ఏం చేసింది?" అంది.

కోర్టులో ఉచిత న్యాయ సహాయం ఉంటుందని, ఫోన్ తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చని చెప్పాను. ఏం రాయాలో ఒక చీటీ మీద రాసిచ్చాను. ఇచ్చాక "నేను చెప్పినానని ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. ఆమె సరేనంది. ఆ చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుని వెళ్లిపోయింది.

అర్జీ పెట్టింది. ఫోన్ కొన్న బిల్లు తెమ్మన్నారు. అది సెకండ్ హ్యాండు ఫోను, బిల్లు లేదు. దర్యాప్తుకు కావాలని పోలీసులు అభ్యంతరం చెప్పారు. వాయిదాలు పడ్డాయి. పెళ్లిళ్ల కాలం అయిపోయింది. ఆమె దగ్గరికి కుట్టించుకోవడానికి రావడం చాలామంది మానేశారు. బజారులో ఒక రెడీమేడ్ దుకాణంలో చీరలకు ఫాల్స్ కుట్టే పనికి కుదిరిందని విన్నాను. ఆ వీధిలో పింఛను విచారణ ఉంటే నేను సహాయకుణ్ణి పంపేదాన్ని. నాకు మోకాళ్ల నొప్పులు ఉన్న మాట నిజమే. కానీ దానికోసం కాదు.

మరుసటి ఏడాది చివర్లో సమను వచ్చింది. నేను రెండో సాక్షిని. మార్కాపురం బస్సు దిగి కోర్టుకు చేరేసరికి వరండాలో స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబులు కాచుకుని ఉన్నాడు. అప్పటి ఎస్సై బదిలీ అయిపోయాడు. "రిపోర్టులో ఉన్నట్లే చెప్పండి మేడం, ఐదు నిమిషాల పని" అని జిరాక్సు చేతిలో పెట్టాడు. ఆమె, తమ్ముడు, తల్లి ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమె నన్ను పలకరించలేదు. తల్లి మాత్రం తలాడించింది.

మధ్యాహ్నం దాకా పిలవలేదు. పిలిచాక ప్రభుత్వ లాయరు నాకు నివేదిక చూపించి సంతకం నాదేనా అని అడిగాడు. నాదే అన్నాను. సోదా మీ ముందే జరిగిందా అంటే జరిగిందన్నాను. అందులో రాసింది నిజమేనా అని అడిగాడు. "సంతకం నాదే" అని మళ్లీ అన్నాను. ఆయన కూర్చున్నాడు.

ఆమె తరఫున వచ్చింది ఒక చిన్న వయసు లాయరమ్మ. ఉచిత సహాయం కింద వేసిన లాయరు. గొంతు మెత్తగా ఉంది.

"మీరు గుమ్మం దగ్గర ఉన్నారా, లోపలా?"

"గుమ్మం దగ్గర. తర్వాత లోపలికి పిలిచినారు."

"ఎందుకు పిలిచారు?"

"వీడియోలో కనపడాలని."

"వీడియో తీసేముందు ఫోన్ ఎవరి దగ్గర ఉంది?"

కానిస్టేబులు నన్నే చూస్తున్నాడని తెలుసు. ఎదురు చెప్పిన సాక్షి అని ముద్ర వేస్తారని తెలుసు. ప్రభుత్వ ఉద్యోగి అట్లా చెబితే శాఖ ఊరుకోదని తెలుసు. ధైర్యం వచ్చి చెప్పానని అనుకోవద్దు. ఆ జిరాక్సులో ఉన్నది ఇంకోసారి పలకాలంటే ఓపిక లేకపోయింది.

"ఎస్సై గారి దగ్గర" అన్నాను. "అప్పటికే తీసుకున్నారు. మళ్లీ ఆమె చేతికిచ్చి, ఇస్తున్నట్టు చెప్పించినారు. నంబరు చెప్పకపోతే తల్లిని తీసుకుపోతామన్నారు."

మేజిస్ట్రేటు రాసుకుంటూ ఆగి, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ప్రభుత్వ లాయరు లేచి, ముద్దాయిలతో కుమ్మక్కై అబద్ధం చెబుతున్నావా అని అడిగాడు. కాదన్నాను. మరి సంతకం ఎందుకు పెట్టావంటే, "పెట్టమన్నారు, పెట్టినాను" అన్నాను. కోర్టులో ఎవరో చిన్నగా నవ్వారు.

ఆ మాటకు తహసీల్దారు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఆపి, మందలించి వదిలేశారు. తీర్పు కొన్ని నెలలకు వచ్చింది. తమ్ముడికి గుట్కా రవాణా కింద జరిమానా పడింది. అక్క మీద కేసు కొట్టేశారు. ఫోన్ ఆమెకు తిరిగి ఇవ్వమన్నారు.

ఫోన్ చేతికొచ్చిన తర్వాత ఒక రోజు బజారులో ఆమె ఎదురైంది. సంచిలోంచి తీసి చూపించింది. వాడకుండా పడి ఉండేసరికి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. రిపేరు అతను, ఫోటోలు రావని చెప్పాడట. వచ్చినా ఇప్పుడు ఆ గుడ్డలతో పనేముంది.

"కోర్టులో చెప్పినావు, మంచిదే అక్కా" అంది. మేడం పోయి అక్క అయింది. ఫోన్ సంచిలో పెట్టుకుంటూ, "ఆ మాట ఆ పొద్దు మా ఇంట్లో చెప్పింటే బాగుండు" అంది. కోపంగా అనలేదు. దుకాణానికి ఆలస్యమవుతోందని ఆమె వెళ్లిపోయింది. ఇప్పటికీ అక్కడే ఫాల్స్ కుడుతోంది. మిషను అమ్మలేదట, సాయంత్రాలు వీధిలోవాళ్లవి నాలుగైదు జాకెట్లు కుడుతుందట. నేను ఇంతవరకు ఆమెకు గుడ్డ ఇవ్వలేదు. ఇవ్వాలనిపిస్తుంది, మొహం చెల్లదు.

ఆ తర్వాత స్టేషన్ వాళ్లు నన్ను పిలవడం మానుకున్నారు. వచ్చినా ప్రతి పేజీ చదువుతుందని, గంట పడుతుందని, ఇంకో వీఆర్వోను పిలుచుకున్నారు. అతను కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఇంటికి పోయే తొందరలో స్టేషన్ దగ్గర బండి ఆపడం చాలాసార్లు చూశాను. ఒకసారి ఆపి చెబుదామనుకున్నాను. ఏమని చెప్పను? చెప్పలేదు.

మొన్న సాధారణ బదిలీల్లో నన్ను వేరే మండలానికి వేశారు. రెండు బస్సులు మారాలి. అక్కడి స్టేషన్‌లో నేనెవరో ఎవరికీ తెలియదు. చేరిన రెండో వారంలోనే, అన్నం డబ్బా తెరుస్తుండగా, ఒక కానిస్టేబులు ఫోన్ చేశాడు. సోదా ఉందట, మధ్యవర్తిగా రావాలట. వస్తాను, నేను వచ్చేదాకా లోపలికి ఎవరూ పోవద్దని మీ సార్‌కు చెప్పమన్నాను.

"సార్ వాళ్లు ఎప్పుడో లోపలికి పోయినారు మేడం" అన్నాడతను. "మీరు అన్నం తినేసి నిదానంగా రండి."

డబ్బా మూసి, చెప్పులేసుకుని బయల్దేరాను.